కంటోన్మెంట్‌లో మిలిటరీ ఏదని అడిగారు కదా

అమ్మా, మీరు అడిగింది చదివాను. మీవారికి అనంతపురం నుంచి విజయనగరం బదిలీ అయింది, కంటోన్మెంట్‌లో ఇల్లు తీసుకున్నారు, వచ్చి నెల కూడా కాలేదు. ఒక్క సిపాయి కనపడని చోటికి ఆ పేరెందుకు అన్నారు. పక్కింట్లో ఉర్దూ, ఎదురింట్లో ఒడియా, ఆదివారం పొద్దున్న వెనక వీధిలో చర్చి పాటలు వినిపిస్తున్నాయి, ఇంతమంది ఇక్కడికి ఎలా చేరారన్నారు. ఇద్దరు ఆడపిల్లలతో ఈ పేటలో స్థిరంగా ఉండొచ్చా అని కూడా అడిగారు. ఎవర్ని అడిగినా ‘మంచి ఏరియా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారని రాశారు, ఒక్క ముక్కలో తేలే విషయం కాదిది. కాస్త ఓపిగ్గా చదవండి.

నేను 1982లో పోస్ట్‌మాన్‌గా చేరి 2016లో రిటైరయ్యాను. మధ్యలో పంతొమ్మిదేళ్ళు కంటోన్మెంట్ బీటే. ఎవరింటికి ఎక్కడి నుంచి ఉత్తరం వస్తుందో, ఏ నెల మనియార్డరు రాకపోతే ఎవరింట్లో పొయ్యి వెలగదో నాకు తెలుసు. ఊరి చరిత్ర పుస్తకాల్లోనూ చదివాను, కానీ ఈ పేట నాకు అర్థమయింది మాత్రం కవర్ల మీద అడ్రసుల వల్లే.

ముందు పేరు సంగతి. విజయనగరం కోట కట్టింది 1713లో. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారం అని మా వాళ్ళు పిలుచుకునే మంగళవారం, కట్టించింది పూసపాటి విజయరామరాజు, ఇలా విజయాలన్నీ కలిపి చెప్పడం మా ఊళ్ళో ప్రతి పిల్లాడికీ వచ్చు. తర్వాత 1757లో బొబ్బిలి యుద్ధం. ఆ తర్వాత 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో చిన విజయరామరాజు చనిపోయాడు. అక్కడితో అసలు అధికారం కంపెనీ చేతికి పోయింది. రాజ్యం జమీందారీ అయింది. రాజులకి కోట మిగిలింది, కోటకి సుమారు మైలు దూరంలో మెరక నేల చూసుకుని కంపెనీ దండు దిగింది. అదే కంటోన్మెంట్. ఊరి మీద కన్నేసి ఉంచడం ఒక్కటే కాదు, పడమటి కొండల్లో, పాలకొండ, పర్లాకిమిడి వైపు ఎప్పుడూ ఏదో ఒక తిరుగుబాటు లేస్తుండేది. 1832లో జార్జ్ రస్సెల్ అనే దొరని ప్రత్యేకంగా వాటిని అణచడానికే మద్రాసు నుంచి పంపారు. 1839 చట్టంతో ఆ కొండ ప్రాంతాలన్నిటినీ ఏజెన్సీగా విడదీశారు. అలాంటి సీమకి దండు దగ్గరలో ఉండాల్సిందే కదా.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది, నా లెక్కలో మీ రెండో ప్రశ్నకి సగం జవాబు అదే. ఉత్తరాదిలో బెంగాల్ సైన్యం సిపాయిలు పెళ్ళాం పిల్లల్ని సొంతూళ్ళో వదిలి వచ్చేవారు. మద్రాసు సైన్యం పద్ధతి వేరు. సిపాయి ఎక్కడికి కదిలితే కుటుంబం అక్కడికే. భార్య, పిల్లలు, ముసలి తల్లి, ఒక్కోసారి విధవరాలైన అక్క కూడా ఆ ‘లైన్ల’లోనే, అంటే సిపాయిల ఇళ్ళ వరసల్లోనే ఉండేవారు. ఆ సైన్యంలో మన సర్కారు జిల్లాల తెలుగువాళ్ళు ఎక్కువమందే ఉండేవారు, ముస్లింలు, తమిళులు, దళితులు, వాళ్ళలో క్రైస్తవం తీసుకున్నవాళ్ళు కూడా ఉండేవారు. 1780లో హైదరలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు రమ్మంటే విశాఖపట్నంలో సిపాయిలు తిరగబడింది ఈ సైన్యంలోనే. సరే, రెజిమెంట్ వచ్చిందంటే దాని వెనక దర్జీలు, చాకళ్ళు, వంటవాళ్ళు, గుర్రాలకి గడ్డి కోసేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, చిల్లర వడ్డీల వాళ్ళు, ఇంకో చిన్న ఊరంత జనం వస్తారు. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో రెజిమెంట్ మారిపోతుంది, కానీ ఈ వెనక వచ్చిన జనం అంతా కదలరు. కూతుర్ని ఇక్కడే ఇచ్చి ఉంటారు, నాలుగు ఇటుకలు పేర్చుకుని ఉంటారు, పింఛను ఇక్కడే తీసుకుంటుంటారు. 1901 లెక్కల్లో విజయనగరం జనాభా 37,270. అప్పటికి కంటోన్మెంట్ చిన్నదైపోయింది, తర్వాత పేరు మాత్రమే మిగిలింది. మనుషులు మాత్రం ఉండిపోయారు.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. నేను చేరిన కొత్తలో మిలిటరీ పింఛను తీసుకునే ముసలమ్మలు నా బీట్‌లో ఉండేవారు. ఒకామె మామగారు పటాలంలో చేసి బర్మా వెళ్ళాడట, మొగుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దాకా వెళ్ళొచ్చాడట, ఆమె మాత్రం జీవితంలో విశాఖపట్నం దాటలేదు. నెలకోసారి వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెడితే లెక్కపెట్టుకుని, అందులోంచి ఒక రూపాయి తీసి ‘టీ తాగు నాయనా’ అనేది. వద్దంటే ఊరుకునేది కాదు.

క్రైస్తవులు ఎప్పుడొచ్చారని వేరే చరిత్ర వెతకనక్కర్లేదు, అదీ ఇందులో భాగమే. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకి చెందిన కేథలిక్ ఫాదర్లు 1846లో యూరప్‌లోని సవాయ్ నుంచి విశాఖపట్నం వచ్చారు, సైన్యంలో ఉన్న కేథలిక్కుల బాగోగులు చూడటం వాళ్ళ మొదటి పనుల్లో ఒకటి. తర్వాత కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం పట్టుకుని బళ్ళు, ఆస్పత్రులు పెట్టారు. అందుకే మా వైపు చర్చి అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి మంచమో, బళ్ళో టీచరమ్మో.

దండు వెళ్ళిపోతున్న రోజుల్లోనే రైలు వచ్చింది. 1893 నుంచి మూడేళ్ళలో విజయవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరం లైను పడింది. వాల్తేరు నుంచి పైకి ఉన్న భాగం తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. దాని హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో, వర్క్‌షాప్ ఖరగ్‌పూర్‌లో. అంటే మా స్టేషన్‌లో గుమాస్తా కావాలన్నా, ఫిట్టర్ కావాలన్నా, గార్డు కావాలన్నా ఆ వైపు నుంచే వచ్చేవాడు. పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తయింది 1931లో, రెండేళ్ళకి విశాఖపట్నం హార్బరు తెరుచుకుంది, మధ్య పరగణాల సరుకంతా సముద్రానికి పోయే దారి మా ఊరి జంక్షన్ మీద పడింది. దాంతో బెంగాలీ బాబులు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, బిలాస్‌పూర్, రాయపూర్ వైపు గ్యాంగ్‌మన్లు, ఒడియా పాయింట్స్‌మన్లు, తమిళ టీటీలు అందరూ వచ్చారు. రైల్వే క్వార్టర్లు చాలక కంటోన్మెంట్‌లో పాత బంగళాల అవుట్‌హౌసులు, లైను ఇళ్ళు అద్దెకి తీసుకున్నారు. 1955లో ఆ రైల్వే సౌత్ ఈస్టర్న్ అయింది, 2003లో ఈస్ట్ కోస్ట్ అయి భువనేశ్వర్ కిందికి వెళ్ళింది. ప్రతి మార్పుకీ కొందరు వెళ్ళారు, కొందరు ఆగిపోయారు. ఆగిపోయిన వాళ్ళ మనవలు ఇవాళ మీ వీధిలో తెలుగులో దెబ్బలాడుకుంటున్నారు.

ఒడియా వాళ్ళ గురించి ఇంకో మాట. వాళ్ళు ‘బయటి రాష్ట్రం వాళ్ళు’ అన్న మాట మా వైపు అంత అతకదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయ్యేదాకా కోరాపుట్, జయపురం అన్నీ మన విశాఖపట్నం జిల్లాలోవే. శ్రీకాకుళం వైపు చాలా భాగం గంజాం జిల్లాలో ఉండేది. గీత తర్వాత పడింది, చుట్టరికాలు అంతకుముందు నుంచీ ఉన్నాయి. రాయగడ, గుణుపురం నుంచి పెళ్ళి సంబంధాలు, ఆస్పత్రి పనులు, బట్టల కొనుగోళ్ళు ఇప్పటికీ మా ఊరికే.

ఆఖరి విడత మీవారి లాంటివాళ్ళది. విజయనగరం జిల్లా అయింది 1979 జూన్ 1న. ఒక్కసారిగా కలెక్టరేట్, జిల్లా ఆఫీసులు, వాటి సిబ్బంది, వాళ్ళకి ఇళ్ళు. కంటోన్మెంట్‌లో పాత స్థలాలు విశాలంగా ఉండేవి, ఆఫీసుల్లో చాలావాటి అడ్రసు అక్కడే పడింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి గుంటూరు, కర్నూలు, ఖమ్మం ముద్రలున్న ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. జిల్లా కాకముందు నుంచే, 1962లో కోరుకొండ పేలెస్‌లో సైనిక్ స్కూలు పెట్టినప్పటి నుంచీ, అక్కడ పనిచేసే వేరే రాష్ట్రాల వాళ్ళు కొందరు రిటైరయ్యాక ఊళ్ళోనే ఇళ్ళు కట్టుకున్నారు. మిలిటరీ ఏదని అడిగారు కదా, ఉన్న కాస్త మిలిటరీ వాసన ఇప్పుడు అటువైపు నుంచే.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన సంగతి, రోజువారీ బతుకు.

ఆ రోజుల్లో చదువు రానివాళ్ళకి ఉత్తరం చదివి పెట్టడం పోస్ట్‌మాన్ పనిలో సగం. తెలుగు, ఇంగ్లీషు నేను చదువుతాను. హిందీ కూడబలుక్కుంటాను. మిగతావి రావు. కానీ ఏ భాష ఉత్తరం ఎవరి దగ్గర చదివించాలో నా దగ్గర లెక్క ఉండేది. రాయగడ నుంచి కోడలిగా వచ్చిన పిల్లకి వాళ్ళ నాన్న ఒడియాలో రాస్తాడు, ఆ పిల్లకి చదవడం రాదు. రెండు ఇళ్ళ అవతల ఉన్న పాయింట్స్‌మన్‌కి నైట్ డ్యూటీ అయి నిద్ర లేచే టైము పదకొండు. అందుకని ఆ వీధి చివర్లో పెట్టుకునేవాణ్ణి. ఆయన లుంగీ మీదే వచ్చి అరుగు మీద కూర్చుని చదివి, అందులో ఉన్నది తెలుగులో వాళ్ళ అత్తగారికి కూడా చెప్పేవాడు. చెప్పకూడనివి వదిలేసేవాడని తర్వాత ఆ పిల్లే నాతో అంది.

ఒక తల్లి గురించి మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, ఆమెకి ఏ లిపీ రాదు. కొడుకు గల్ఫ్‌లో డ్రైవర్. వాడు చదివింది మున్సిపల్ బళ్ళో తెలుగు మీడియం, ఉర్దూ రాయడం వాడికీ రాదు. అందుకని ఉర్దూ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసేవాడు. ‘అమ్మీ, మై అచ్ఛా హూఁ, ఆప్ దవా వఖ్త్ పే ఖావ్’ (అమ్మా, నేను బాగున్నాను, మందు వేళకి వేసుకో) అని మన గుండ్రటి అక్షరాల్లో. నేను గడప దగ్గర నిలబడి చదివేవాణ్ణి. నాకు అక్షరం వచ్చు, మాట సగమే తెలుసు. ఆమెకి మాటంతా తెలుసు, అక్షరం రాదు. నేను పలకడం తప్పయిన చోట ఆమె దిద్దేది, మళ్ళీ పలికించేది, కొడుకు మాట కొడుకు మాటలా వినపడేదాకా వదిలేది కాదు. అలా అయిదారేళ్ళు. నాకొచ్చిన ఉర్దూ అంతా ఆ ఉత్తరాల్లోదే. ఆమె చనిపోయినప్పుడు కొడుకు టెలిగ్రాం అందుకుని వచ్చేసరికి మూడు రోజులు పట్టింది, పీర్లను ఎత్తుకునే కుర్రాళ్ళతో పాటు వీధిలో మేం అందరం జనాజా వెంట నడిచాం. వాడు వచ్చాక తల్లి ట్రంకు పెట్టెలో ఆ ఉత్తరాలన్నీ వరసగా ఉన్నాయి. అడుగున ఒకటి నా చేత రెండుసార్లు చదివించుకున్నది, దాని మడత దగ్గర చిరిగిపోయి ఉంది. వాడు దాన్ని పట్టుకుని నన్నే చూశాడు, నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

తిండి సంగతి మీకు తొందర్లోనే తెలుస్తుంది. బెంగాలీలు ఆవాలు నూరి చేప వండుతారు. మా ఉత్తరాంధ్రలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర లేకపోతే పెళ్ళి భోజనమే కాదు. మా అమ్మకీ ఒక రైల్వే గుమాస్తా భార్యకీ స్నేహం అక్కడే మొదలయింది, ఒకరి రోట్లో ఒకరు ఆవాలు నూరుకుంటూ ఎవరి ఆవ ఘాటని వాదించుకునేవారు. అలాగే ఒడియా వాళ్ళ పఖాళ, మా తరవాణి అన్నం దాదాపు ఒకటే, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులవబెట్టడం. ఎండల్లో ఆ ఇంటి కుండకీ ఈ ఇంటి కుండకీ తేడా వాళ్ళు వేసే వేపుడు మాత్రమే. మీ అనంతపురం రాగులు ఇక్కడ చోళ్ళు, మీ సంగటి కాదు గానీ చోడి అంబలి దొరుకుతుంది. అన్నట్టు మీ పెద్దమ్మాయిని ఎవరైనా ‘గుంట’ అంటే కోప్పడకండి, ఇక్కడ గుంట అంటే చిన్న పిల్ల, ముద్దుగా అనేదే. ‘ఏటి’, ‘ఎలగ’ అన్న మాటలు రెండు నెలల్లో మీ పిల్లల నోటా వస్తాయి, ఆపకండి.

పండగలకి ఈ పేటలో ఒకరింటికి ఒకరు వెళ్ళడం మాటవరసకి చెప్పేది కాదు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చింతమాను కొట్టి తెచ్చి, దాని చివర పీట కట్టి, పూజారి అమ్మవారి రూపంగా కూర్చుంటే, ఆ మాను మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అమ్మవారి వనంగుడి రైల్వే స్టేషన్ దగ్గరే, అంచేత డ్యూటీ ఎక్కే ముందు దణ్ణం పెట్టుకోని రైల్వే మనిషి మా కాలంలో లేడు, వాడు ఏ భాషవాడైనా. బొబ్బిలి యుద్ధం నాటి కథ, అన్న చనిపోయాడని తెలిసి పెద్ద చెరువులో కలిసిపోయిన రాజుగారి చెల్లెలి కథ, ఇక్కడ పుట్టిన ప్రతివాళ్ళూ మీకు ఒక్కోలా చెబుతారు, అందరి దగ్గరా వినండి. బాబామెట్ట మీద ఖాదర్‌బాబా దర్గా ఉంది, అక్కడ ఉరుసుకీ అన్నదానానికీ వచ్చేవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ కనపడతారు. చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గకపోతే తాయెత్తు కట్టించుకురావడానికి మా అమ్మ నన్ను ఎత్తుకుని వెళ్ళిందట. సిరిమాను నాడు ఊరంతా చుట్టాలతో నిండిపోతుంది, మీ ఇంటికీ ఎవరో ఒకరు వస్తారు, ముందే బియ్యం చూసుకోండి.

ఇంతా చెప్పి, చెడ్డది దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టే. ఇక్కడ అందరూ కలిసి ఉంటారన్నది నిజం, కానీ ఇల్లు అద్దెకిచ్చే దగ్గరికి వచ్చేసరికి ‘మీరేవిట్లు’ అని కులం అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మిమ్మల్నీ అడిగే ఉంటారు. ముస్లిం కుటుంబానికి ఇల్లు దొరకడం మీకు దొరికినంత తేలిక కాదు, దళితులకీ అంతే, చాలాసార్లు ‘మాంసం వండకూడదు’ అనే సాకు ముందు వస్తుంది. నేను మాల కుటుంబంలో పుట్టినవాణ్ణి, మా తాతల నాటి నుంచి బాప్టిస్టులం. నా బీట్‌లో ఒక ఇంట్లో, ఎవరిదో చెప్పను, మంచినీళ్ళు అడిగితే పదకొండేళ్ళూ దోసిట్లోనే పోశారు. గ్లాసు ఇవ్వలేదు. ఆ ఇంటికి వాళ్ళబ్బాయి ఉద్యోగం ఆర్డరు తెచ్చిన రోజున కూడా స్వీటు కాగితంలో పెట్టి గుమ్మం మీద ఉంచారు. ఆ స్వీటు నేను తీసుకోలేదు. అదే వీధిలో నాలుగు గుమ్మాల అవతల బెంగాలీ ముసలాయన తన కంచు గ్లాసు నాకిచ్చి తను చెంబుతో తాగేవాడు. రెండూ ఒకే వీధి, ఒకే ఎండ. అందుకని ఎవరైనా ‘మా పేటలో అలాంటివేం లేవు’ అంటే నమ్మకండి, ‘అంతా అలాంటివే’ అన్నా నమ్మకండి.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చాక కొన్ని రోజులు అందరిలో టెన్షన్ ఉండేది. సంచీ పట్టుకుని వెళితే తలుపులు సగమే తెరిచేవారు. ఆ వారంలో నేను గమనించింది ఒకటే, పెద్దవాళ్ళు కొందరు, రెండు వైపుల వాళ్ళూ, రోజూ సాయంత్రం జంక్షన్‌లో టీ కొట్టు బెంచీ మీద పక్కపక్కన కూర్చునేవారు. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు, ఊరికే అందరికీ కనపడేలా కూర్చునేవారు. కుర్రాళ్ళు అటు వైపు చూసి ఇళ్ళకి పోయేవారు.

మీకు తెలిసే ఉంటుంది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. విశాఖపట్నం గురించే అందరూ రాశారు గానీ మా ఊరూ తక్కువ దెబ్బ తినలేదు. కరెంటు లేదు, మోటర్లు తిరగవు, కుళాయి రాదు. మా వీధికి ఆధారం ఒక దర్జీ వాళ్ళ దొడ్లో ఉన్న పాత నుయ్యి, లైన్ల నాటిదంటారు, చప్టా వేసి మూసేద్దామని అంతకు ముందు ఏడాదే అనుకున్నారట. గిలక తుప్పు పట్టిపోతే రైల్వే మెకానిక్ ఒకాయన గ్రీజు పెట్టి సరిచేశాడు. పొద్దున్న నాలుగు నుంచి లైను. ఆ ఇంటి ఆడవాళ్ళే వరస చూసి, ముసలివాళ్ళకి ముందు, పసిపిల్లలున్న ఇళ్ళకి తర్వాత, మిగతావాళ్ళకి ఇంటికి నాలుగు బిందెలు అని లెక్క పెట్టారు. ఎవరూ గొడవ పడలేదు. ఆ నుయ్యి ఇప్పటికీ ఉంది, వీలైతే వెళ్ళి చూడండి, నీళ్ళు తియ్యగా ఉంటాయి.

ఇప్పటి సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత బంగళాలు దాదాపు పోయాయి, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. 1888 నాటి మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది, జనాభా రెండు లక్షలు దాటింది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు వెళ్ళిపోయాయి. టెలిగ్రాం 2013లో ఆగిపోయింది, పాత పద్ధతి మనియార్డరూ పోయింది. అయితే జనం రావడం ఆగలేదు. పానీపూరీ బండి కుర్రాడు బీహార్ వైపు నుంచి, టైల్స్ వేసేవాళ్ళు బెంగాల్ నుంచి, మన్యం హాస్టళ్ళలో చదువుకుని ఉద్యోగాలొచ్చిన సవర, జాతాపు పిల్లలు పార్వతీపురం వైపు నుంచి. ఈ పిల్లలకి ఇల్లు దొరకడం ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు, ఇద్దరికి నేనే హామీ ఉండి ఇప్పించాను. మీ పైవాటా ఖాళీగా ఉందని రాశారు. ఓనరుతో మాట్లాడే చొరవ మీకు ఉంటే ఒకసారి అడిగి చూడండి.

ఇంక మీ పిల్లల సంగతి. ఉండొచ్చు, నిశ్చింతగా ఉండొచ్చు. ఆఫీసులున్న చోటు కాబట్టి రాత్రి లైట్లుంటాయి, బడి ఆటోలు గుమ్మం దాకా వస్తాయి, స్టేషన్ దగ్గర. పాత ఇళ్ళలో చుట్టూ అరుగులుండేవి కాబట్టి పిల్లల్ని కనిపెట్టే కళ్ళు ఎక్కువ ఉండేవి, ఇప్పుడు ఆ అరుగులు తగ్గాయి, అందుకని మొదట్లోనే నాలుగిళ్ళ వాళ్ళతో పరిచయం చేసుకోండి. ఎదురింటి ఒడియా ఆవిడతో మాట కలపడానికి భాష రాదని ఆగకండి, ఆవిడకి తెలుగు వచ్చే ఉంటుంది, ముప్ఫై ఏళ్ళు ఇక్కడ ఉండి రాకుండా ఎలా ఉంటుంది. మీ అమ్మాయికి పాట మీద ఇష్టమని రాశారు, అయితే మీ అదృష్టం. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలయిన మహారాజా సంగీత కళాశాల ఈ ఊళ్ళోనే ఉంది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పింది, ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. వెంటనే వెళ్ళి కనుక్కోండి.

చివరగా పోస్ట్‌మాన్‌గా ఒక మాట. కంటోన్మెంట్‌లో ఇంటి నంబర్లు రెండు మూడు సార్లు మారాయి, ఒకే నంబరు రెండు గుమ్మాల మీద కనపడుతుంది. ఆధార్‌లో, బ్యాంకులో అడ్రసు మార్పించేటప్పుడు కొత్త నంబరు రాసి, పక్కన పాతది కూడా రాయించండి, దగ్గర్లో గుడో చర్చో మసీదో ఏది ఉంటే దాని పేరు వేయండి. పిన్ 535003. ఇంటి ఓనరు పేరు కన్నా ఆ వీధిలో అందరికన్నా పాత అద్దెదారు పేరు ఎవరిదో కనుక్కుని ‘ఫలానా వారి ఎదురుగా’ అని రాస్తే ఇంకా మంచిది. కొత్తగా వచ్చిన కుర్ర పోస్ట్‌మాన్ అయినా మీ ఉత్తరం తప్పకుండా తెచ్చి ఇస్తాడు.